డిప్రెషన్, యాంగ్జైటీ, ట్రామా: మా ఇంట్లో వాడి చూసిన వైద్యాల మీద నా రివ్యూ

గత ఆరేళ్లలో మా ఇంట్లో ముగ్గురం మానసిక వైద్యం చేయించుకున్నాం. నాకు మొదట పానిక్ అటాక్‌లు, అవి తగ్గిన రెండేళ్లకు డిప్రెషన్. మా తమ్ముడికి రోడ్డు ప్రమాదం తర్వాత పీటీఎస్‌డీ (భయంకరమైన సంఘటన తర్వాత అది వెంటాడుతూ ఉండే మానసిక జబ్బు). మా పెద్దమ్మకు మంచం దిగలేనంత తీవ్రమైన డిప్రెషన్. ముగ్గురికీ తగ్గింది, కానీ ఒకే వైద్యంతో తగ్గలేదు. "మందులు మంచివా, కౌన్సెలింగ్ మంచిదా" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. దానికి జవాబు జబ్బును బట్టి మారిపోతుంది కాబట్టి దేనికి ఏది పనిచేసిందో, ఎక్కడ మోసపోయామో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, వాడిన మనిషిని.

ముందు నేను పోగొట్టుకున్న 14 నెలల గురించి చెప్పాలి. మొదటి పానిక్ అటాక్ లిఫ్టులో వచ్చింది. గుండె దడదడలాడి, చేతులు తిమ్మిరెక్కి, ఊపిరి అందక, ఇక అయిపోయింది, చచ్చిపోతున్నాను అనుకున్నాను. ఈసీజీ తీశారు, థైరాయిడ్ చూశారు, అన్నీ మామూలే. (ఈ పరీక్షలు మాత్రం తప్పకుండా చేయించుకోండి, థైరాయిడ్ ఎక్కువైనా గుండె ఇలాగే కొట్టుకుంటుంది.) తర్వాత ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. చాలా మంచి మనిషి. వారానికోసారి గంటసేపు ఓపిగ్గా వినేవారు, చిన్నప్పటి సంగతులు అడిగేవారు, ఏడుపొస్తే ఏడవనిచ్చేవారు. బయటికి వస్తుంటే గుండెల మీది బరువు దిగినట్టుండేది. మర్నాడు పొద్దున ఆఫీసు లిఫ్టు ముందు నిలబడితే మళ్లీ అదే వణుకు. లిఫ్టు మానేశాను, తర్వాత బస్సు, తర్వాత సినిమా హాలు. ఎక్కడికి వెళ్లినా తలుపు పక్కనే కూర్చునేదాన్ని, నీళ్ల సీసా చేతిలో లేకుండా గుమ్మం దాటేదాన్ని కాదు. నేను మానేసిన వాటి లిస్టు నెలనెలా పెరుగుతోందని ఆ 14 నెలల్లో ఒక్క సెషన్లో కూడా లెక్క తీయలేదు. నాకు దొరికింది ఓదార్పు. దాన్నే వైద్యం అనుకున్నాను, ఎందుకంటే ఆ రెంటికీ తేడా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

రెండో థెరపిస్టు దగ్గర మొదటి రోజే తేడా తెలిసింది. ఆవిడ నా చేత జీఏడీ-7 అనే కాగితం నింపించారు. యాంగ్జైటీని కొలిచే ఏడు ప్రశ్నలు, మొత్తం 0 నుంచి 21 (స్కోరు ఎక్కువైతే యాంగ్జైటీ ఎక్కువ), నాకు 16 వచ్చింది. "నాలుగు వారాలకోసారి మళ్లీ నింపుదాం, తగ్గకపోతే మనం చేసే పద్ధతి మారుద్దాం" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు సగం ధైర్యం వచ్చింది. తర్వాత బోర్డు మీద ఒక గుండ్రటి బొమ్మ గీసి చూపించారు: గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది, "అమ్మో గుండెపోటు" అనుకుంటాను, ఆ భయానికి గుండె ఇంకా వేగం పెంచుతుంది, దాంతో నా అనుమానం నిజమనిపిస్తుంది. పానిక్‌కి ఈ వివరణను 1986లో డేవిడ్ క్లార్క్ అనే సైకాలజిస్టు ఇచ్చారు, సీబీటీలో (ఆలోచనలను, అలవాట్లను మార్చే థెరపీ) పానిక్ వైద్యం చాలావరకు దీని మీదే నడుస్తుంది.

మూడో సెషన్లో ఆవిడ నన్ను తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి ఒక నిమిషం గుండ్రంగా తిప్పారు. అంతకుముందు నోట్‌బుక్‌లో రాయించారు: "ఏం జరుగుతుందని మీ భయం? ఎంత నమ్మకం?" నేను "కళ్లు తిరిగి పడిపోతాను, 90 శాతం" అని రాశాను. తిప్పాక తల తిరిగింది, గుండె దడ వచ్చింది, చెమటలు పట్టాయి. పడిపోలేదు. "మళ్లీ చేద్దామా?" అన్నారు. ఆ తర్వాత ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో నిమిషం ఊపిరి పీల్చడం, ఉన్నచోటే పరుగెత్తడం. నన్ను భయపెట్టే లక్షణాలను నా చేతనే తెప్పించి, అవి వచ్చి పోతాయని నా ఒంటికి నేర్పించారు. ఆరోసారి కుర్చీ తిరిగినప్పుడు ఆ 90 కాస్తా 15కి వచ్చింది. అప్పుడు లిఫ్టు. మొదట ఆవిడతో ఒక అంతస్తు, తర్వాత ఒక్కదాన్నే, ఆఖర్న నీళ్ల సీసా కింద వదిలేసి. సీసా వదలడం లిఫ్టు ఎక్కడం కంటే కష్టమైంది, కానీ అది చేతిలో ఉన్నన్నాళ్లూ "సీసా ఉంది కాబట్టే బతికాను" అని మనసు అనుకుంటుందట, అది నిజమేనని వదిలాక తెలిసింది. మొత్తం 12 సెషన్లు. స్కోరు 16 నుంచి 4.

యాంగ్జైటీకి నా ఓటు ఎక్స్‌పోజర్ (భయపెట్టేదాన్ని ఇలా మెల్లమెల్లగా ఎదుర్కోవడం) ఉన్న సీబీటీకే. థెరపిస్టు సీబీటీ చేస్తానని చెప్పి, కేవలం "పాజిటివ్‌గా ఆలోచించండి, లోతుగా ఊపిరి తీసుకోండి" దగ్గరే ఆగిపోతే, ఎక్స్‌పోజర్ ఎప్పుడు మొదలుపెడతారని అడగండి. ఊపిరి వ్యాయామాలు చెడ్డవి కావు, కానీ నేను వాటిని కూడా నీళ్ల సీసాలాగే పట్టుకుని వేలాడాను.

నిద్రమాత్రల్లాంటి మందుల గురించి ఇక్కడే చెప్తాను. మొదట్లో ఒక డాక్టరు నాకు ఆల్ప్రాజొలామ్ రాశారు. డైజిపామ్, క్లోనాజిపామ్ కూడా ఈ కుటుంబమే, బెంజోడయాజెపిన్లు అంటారు. వేసుకున్న అరగంటకు హాయి. అందుకే ప్రమాదం. కొన్ని వారాల్లోనే అలవాటు పడిపోవచ్చు, పైగా మాత్ర వేసుకుని లిఫ్టు ఎక్కితే భయం దానంతట అదే తగ్గుతుందన్న సంగతి మనకు తెలిసే అవకాశమే ఉండదు. కొద్దిరోజుల అవసరానికి డాక్టరు ఇస్తే వేరు. నెలల తరబడి వాడుతున్నవాళ్లు మాత్రం ఇది చదివి ఒక్కసారిగా ఆపేయొద్దు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

డిప్రెషన్ వేరే కథ. పానిక్‌లో భయం ఎక్కువ, ఇందులో ఏమీ అనిపించదు. నేను రోజంతా ఏడ్చానని అందరూ అనుకుంటారు, నిజానికి ఏడుపు కూడా రాలేదు. పళ్లు తోముకోవడం పెద్ద పని అయిపోయింది, ఫోన్ మోగితే దాని వంక చూస్తూ కూర్చునేదాన్ని. ఈసారి సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాను. డిప్రెషన్‌ని కొలిచే పీహెచ్‌క్యూ-9 కాగితంలో 27కి 19 వచ్చింది. ఆయన అడిగిన ప్రశ్నల్లో ఒకటి నాకు బాగా నచ్చింది: "ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారుగా, మాటలు ఆగకుండా, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెడుతూ గడిపారా?" అది బైపోలార్ (విపరీతమైన హుషారు, డిప్రెషన్ మార్చి మార్చి వచ్చే జబ్బు) కోసం అడిగే ప్రశ్న. బైపోలార్ ఉన్నవాళ్లకు ఒట్టి డిప్రెషన్ మందు ఇస్తే ఉన్మాదం వైపు తిరగొచ్చు. ఈ ప్రశ్న అడగకుండా మందు రాసే డాక్టరుకి నేనైతే మార్కులు తగ్గిస్తాను.

మందులు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం, అంటే మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే డిప్రెషన్ మందులు. 1987లో అమెరికాలో ఫ్లూఆక్సిటిన్‌కి అనుమతి వచ్చినప్పటి నుంచి ఇవే ఎక్కువ వాడుకలో ఉన్నాయి. మొదటి మందు పది రోజులు కడుపులో తిప్పడం, నిద్ర చెడటం తప్ప ఏ మేలూ చూపించలేదు. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. దుష్ప్రభావాలు ముందు వస్తాయి, గుణం రెండు వారాల నుంచి కనపడటం మొదలై పూర్తిగా తెలియడానికి ఆరు వారాలు పట్టొచ్చు. ఆరు వారాలు ఓపిక పట్టాను, నా స్కోరు 19 నుంచి 15కే వచ్చింది, మందు మార్చారు. అప్పుడు నాకు చాలా నిరాశ కలిగింది, నేను బాగుపడని కేసేమో అనుకున్నాను. అమెరికాలో నాలుగు వేల మందికి పైగా పాల్గొన్న స్టార్-డీ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి, అందులో మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నవాళ్లు సుమారు మూడో వంతే. ఈ సంగతి డాక్టరు మొదటి రోజే చెప్పి ఉంటే ఆ ఒక్క వారం నరకం నాకు తప్పేది. మొదటి మందు పనిచేయకపోవడం మామూలు విషయం. మందు మార్చడం వైద్యంలో భాగం.

"మీ మెదడులో సెరటోనిన్ తక్కువైంది" అని నాకూ చెప్పారు. అలా అని రుజువు కాలేదు. మందులు చాలామందికి పనిచేస్తాయన్నది మాత్రం నిజం. ఇంకో సంగతి, ఎవరూ నోరు విప్పరు కాబట్టి నేను రాస్తున్నాను: ఈ మందులతో సెక్స్ మీద ఆసక్తి తగ్గడం, తృప్తి అందకపోవడం చాలా మామూలు. మా ఆయన, నేను మూడు నెలలు ఒకరినొకరం అపార్థం చేసుకున్నాం, తర్వాత సిగ్గు విడిచి డాక్టరుని అడిగితే ఐదు నిమిషాల్లో డోసు సర్దారు. అడగండి. 25 ఏళ్లలోపు వాళ్లకు ఇస్తుంటే మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉందన్న హెచ్చరిక ఆ మందుల మీదే ఉంటుంది, ఇంట్లోవాళ్లు దగ్గరుండి గమనించాలి. ఒకసారి బాగానే ఉన్నాను కదా అని నేనే మందు టక్కున ఆపేశాను. మూడో రోజుకు తల తిప్పితే లోపల కరెంటు షాకు కొట్టినట్టు, కళ్లు తిరగడం, ఊరికే చిరాకు. జబ్బు తిరగబెట్టిందని భయపడ్డాను, అది మందు ఒక్కసారిగా ఆపినందువల్ల వచ్చింది. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, వారాల తరబడి కొంచెం కొంచెంగా దించాలి.

నన్ను మంచం మీంచి లేపింది మాత్రం రెండో మందుతోపాటు మొదలుపెట్టిన బిహేవియరల్ యాక్టివేషన్. పేరు పెద్దది, పని చిన్నది. మనసు బాగుపడ్డాక పనులు చేద్దాం అని మనం ఎదురుచూస్తాం, ఇక్కడ అది తిరగేస్తారు. మనసు లేకపోయినా గడియారం చూసి చేయాలి, చేశాక మనసు ఎలా ఉందో 10కి మార్కు వేయాలి. నా మొదటి వారం కాగితం ఇప్పటికీ ఉంది. "8 గంటలకు కర్టెన్ తీయడం. 11కి మెట్ల మీద ఎండలో 10 నిమిషాలు. సాయంత్రం ఒకరికి ఫోన్." అంతే. కర్టెన్ తీసిన రోజు మార్కు 2, తీయని రోజు 1. ఈ ఒక్క మార్కు తేడా నాకు మొదట ఎగతాళిలా అనిపించింది, నాలుగో వారానికి మెట్ల మీది పది నిమిషాలు పార్కులో నలభై నిమిషాలయ్యాయి, మార్కు 5. బ్రిటన్‌లో 440 మంది మీద చేసి 2016లో లాన్సెట్‌లో వేసిన అధ్యయనంలో, కొద్దిపాటి శిక్షణ పొందిన జూనియర్ సిబ్బంది చేయించిన యాక్టివేషన్, అనుభవజ్ఞులైన థెరపిస్టుల సీబీటీకి ఏమీ తీసిపోలేదు, ఖర్చు తక్కువ కూడా. పెద్ద పేరున్న థెరపిస్టు దొరకలేదని ఆగిపోయినవాళ్లకు ఇది చెప్పాలని నా తాపత్రయం.

ఆలోచనలను రాసి వాటికి సాక్ష్యాలు వెతికే పద్ధతి ఉంది కదా, 1960లలో ఆరన్ బెక్ మొదలుపెట్టింది, అది నాకు జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు పనిచేయలేదు. నా మనసుతో నేను వాదించి ఓడిపోయేదాన్ని. కాస్త తేరుకున్నాక అదే పద్ధతి బాగా ఉపయోగపడింది. మైండ్‌ఫుల్‌నెస్ 8 వారాల కోర్సు కూడా అంతే, అది జబ్బు మళ్లీ రాకుండా కాపాడటానికి బాగుంటుంది, మునిగిపోతున్నవాళ్ల చేత కళ్లు మూయించి కూర్చోబెట్టడం నాకు సరిగ్గా అనిపించదు. మధ్యస్థం నుంచి తీవ్రంగా ఉన్న డిప్రెషన్‌కి మందు, థెరపీ రెండూ కలిపితే ఏ ఒక్కదానికంటే మెరుగని చాలా అధ్యయనాలు చెప్తున్నాయి, నా అనుభవమూ అదే.

ఇక మా తమ్ముడి సంగతి. రాత్రి బండి మీద వస్తుంటే లారీ తగిలింది, వెనక కూర్చున్న స్నేహితుడు పోయాడు. రెండో రోజే ఎవరో మంచి ఉద్దేశంతో ఒకాయన్ని తీసుకొచ్చి, జరిగిందంతా ఒకే సిటింగులో చెప్పించారు. చెప్పేస్తే లోపల పేరుకోదు అని. ఇలా వెంటనే ఒకేసారి చెప్పించడం పీటీఎస్‌డీని ఆపదని, కొందరికి హాని కూడా చేయొచ్చని పరిశోధనల్లో తేలింది, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ చేయొద్దనే చెప్తుంది. మొదటి వారాల్లో కావలసింది తోడు, నిద్ర, భద్రత. చాలామందికి పీడకలలు, ఉలికిపాటు వాటంతట అవే సద్దుమణుగుతాయి. నెల దాటినా తగ్గకపోతేనే దాన్ని పీటీఎస్‌డీ అంటారు. వాడికి నాలుగు నెలలైనా తగ్గలేదు. బ్రేకు చప్పుడు వింటే గోడకు అతుక్కుపోయేవాడు, ఆ రోడ్డు వైపు పోయేవాడు కాదు, ఆ స్నేహితుడి పేరు ఎత్తితే గదిలోంచి లేచి వెళ్లిపోయేవాడు.

ట్రామాకి పరీక్షకు నిలబడిన పద్ధతులు ముఖ్యంగా మూడు. ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, పట్రీషియా రెసిక్ తెచ్చిన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ (సంఘటన గురించి మనసులో పాతుకుపోయిన ఆలోచనలను పరీక్షించి చూసేది), 1987లో ఫ్రాన్సిన్ షపీరో మొదలుపెట్టిన ఈఎండీఆర్. మావాడు మొదటిది చేశాడు. కళ్లు మూసుకుని, జరిగినదాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి, దాన్ని రికార్డు చేసి ఇంట్లో రోజూ వినాలి. రెండో వారం, మూడో వారం వాడి పరిస్థితి ముందుకంటే ఘోరంగా తయారైంది. రాత్రిళ్లు నేను వాడి గది బయట కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని, మానేద్దాంరా అని నేనే అన్నాను. థెరపిస్టు మాత్రం ఇది కొందరికి జరుగుతుందని ముందే చెప్పి ఉన్నారు, అందుకే మానకుండా కొనసాగించాం. నాలుగు నెలలుగా వాడు మోస్తున్న మాట ఒకటే: "నేను బ్రేకు వేసి ఉంటే వాడు బతికేవాడు." ఐదో సెషన్లో అదే ముక్కను మెల్లగా, క్షణం క్షణం చెప్పించారు. ఆ రోజు ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని, "అక్కా, లైటు కనపడటానికీ తగలడానికీ మధ్య ఒకటి, రెండు అని లెక్కపెట్టేంత టైము కూడా లేదే" అన్నాడు. ఆ రాత్రి ప్రమాదం తర్వాత మొదటిసారి స్నేహితుడి పేరు తనే ఎత్తాడు, వాడి గురించి గంటసేపు చెప్పాడు. పీటీఎస్‌డీని కొలవడానికి పీసీఎల్-5 అని 20 ప్రశ్నల కాగితం, 80కి లెక్క. వాడికి 54తో మొదలై 11 సెషన్ల తర్వాత 18.

మేం చూసినవాటిలో అన్నిటికంటే కష్టమైనది ఇదే, అన్నిటికంటే ఎక్కువ మార్పు చూసింది కూడా ఇందులోనే. అంత వివరంగా నోటితో చెప్పలేనివాళ్లకు ఈఎండీఆర్ నయం. మనసులో సంఘటనను పట్టుకుని థెరపిస్టు వేలి వెంట కళ్లు కదపడం, ఇంటి పని తక్కువ. ఫలితం మిగతావాటితో సమానంగానే ఉంటుందని అధ్యయనాలు చెప్తాయి, ఆ కళ్లు కదపడమే పనిచేస్తోందా, లేక జ్ఞాపకాన్ని ఎదుర్కోవడమా అన్నది మాత్రం పరిశోధకుల్లో ఇంకా వాదన. మందుల్లో సెర్ట్రలిన్, పారాక్సిటిన్‌లకు అమెరికాలో పీటీఎస్‌డీకి అనుమతి ఉంది, కానీ అక్కడి మాజీ సైనికుల వైద్యశాఖ 2023 మార్గదర్శకాల్లో ముందు చెప్పింది ఈ థెరపీలనే. బెంజోడయాజెపిన్లు వద్దని కూడా అందులోనే ఉంది. ట్రామా బాధితులకు నిద్ర కోసమని అవే రాయడం చూస్తుంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

పెద్దమ్మకు ఈసీటీ చేయించాం, అంటే తలకు కొద్దిగా కరెంటు ఇచ్చి మెదడులో ఫిట్ తెప్పించే వైద్యం. షాక్ ట్రీట్‌మెంట్ అనగానే ఇంట్లో గొడవ. రెండు మందులు వాడినా ఫలితం లేదు, మనిషి మాట్లాడటం మానేసింది, తిండి మానేసింది, "నన్ను పోనివ్వండి" అని గుసగుసగా అనేది. ఆ మాట విన్న రోజే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. మీ ఇంట్లో ఎవరి నోట ఆ మాట విన్నా అదే చేయండి. ఈసీటీ 1938 నాటిది, మనసులో ఉన్న భయంకరమైన బొమ్మలన్నీ ఆ పాత కాలానివి. ఇప్పుడు మత్తు ఇస్తారు, కండరాలు వదులయ్యే మందు ఇస్తారు, లోపల ఫిట్ ఒక నిమిషం లోపే, బయటికి కాలి వేలు కదిలినంత. వారానికి మూడు చొప్పున మొత్తం తొమ్మిది. ఐదోది అయిన మర్నాడు మధ్యాహ్నం దుప్పటి తీసి, "నా కళ్లద్దాలు ఎక్కడ పెట్టావే?" అంది. ఆరు వారాల్లో ఆవిడ అడిగిన మొదటి వస్తువు. నష్టం కూడా చెప్తాను: ఆసుపత్రిలో ఉన్న రోజులు, దానికి ముందు నెల ఆవిడకు గుర్తు లేవు, మా కజిన్ పెళ్లి మాటలు జరిగింది కూడా మర్చిపోయింది. ఆపేశాక మందులు కొనసాగించకపోతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. అయినా సరే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇంత వేగంగా పనిచేసేది ఇంకొకటి మేం చూడలేదు. మత్తు అక్కర్లేని అయస్కాంత వైద్యం టీఎంఎస్ (2008లో అమెరికాలో అనుమతి, వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు), ముక్కులో కొట్టే ఎస్‌కెటమిన్ (2019, ప్రతిసారీ రెండు గంటలు క్లినిక్‌లోనే ఉండాలి) కూడా డాక్టరు చెప్పారు, కానీ పెద్దమ్మ ఉన్న స్థితిలో ఆగే టైము లేదు.

థెరపిస్టుని ఎంచుకునేటప్పుడు నేను ఇప్పుడు ఫోన్‌లోనే అడిగేస్తాను: నా సమస్యకు మీరు చేసే పద్ధతి పేరేంటి, ఇంటి దగ్గర నేనేం చేయాలి, తగ్గుతోందో లేదో దేనితో కొలుస్తారు, ఎన్ని వారాలకు చూస్తారు. సూటిగా చెప్తే వెళ్తాను. "చూద్దాం, అలా మాట్లాడుకుంటూ పోదాం" అంటే వెళ్లను. మందులన్నీ ఆపేయమనే థెరపిస్టు, థెరపీ దండగ అనే డాక్టరు, ఇద్దరికీ దూరంగా ఉంటాను.

నా మొదటి కౌన్సెలర్ మీద నాకు కోపం లేదు. ఆవిడ మంచితనం నిజమే, ఆ రోజుల్లో నాకు వారానికి ఒక్క గంటైనా బరువు దిగేది. ఆవిడ దగ్గర ఆ కుర్చీ ఒక్కటి లేదు.

ఇప్పుడు నేను సగం డోసులో ఉన్నాను, వచ్చే నెల ఇంకొంచెం దించుతారట. పోయిన ఆదివారం పీహెచ్‌క్యూ-9 నింపితే 4. కర్టెన్ తీయమన్న ఆ మొదటి వారం కాగితం బీరువా తలుపు లోపలివైపు అతికించి పెట్టుకున్నాను.